ఆసుపత్రికి ఏం కట్టుకుని వెళ్దాం?

(సాయంకాలం చదువు కేంద్రంలో ఒక రిటైరైన నర్సమ్మ చెప్పిన మాటలివి. ఆమె మాట్లాడినట్టే రాశాం.)

అమ్మలారా, అక్కచెల్లెళ్లారా, వెనక గోడకానుకుని కూర్చున్న అన్నలారా!

ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని మీ పంతులమ్మ నన్ను పిలిచింది. ఆరోగ్యం గురించి మీరు చాలానే విన్నారు. నీళ్లు కాచి తాగాలి. చేతులు కడుక్కోవాలి. బిడ్డకు టీకాలు వేయించాలి. ఇవన్నీ మీ మొదటి వాచకంలోనే ఉన్నాయి. నేను వేరే సంగతి చెబుతాను. ఆసుపత్రికి బయలుదేరే రోజు తెల్లవారుజామున దండెం దగ్గర నిలబడి మీరు ఆలోచించే సంగతి. ఏం కట్టుకుని వెళ్దాం?

నవ్వుతున్నారు. నవ్వండి. కానీ ఇది చిన్న సంగతి కాదు. నేను ముప్పై ఏళ్లకు పైగా నర్సు పని చేశాను. కొన్నాళ్లు కృష్ణా జిల్లా పల్లెల్లో, కొన్నాళ్లు విజయవాడలో. బస్సు ఛార్జీకి డబ్బులు లేక ఆసుపత్రికి రాని వాళ్లను చూశాను. భయపడి రాని వాళ్లను చూశాను. బట్ట లేక రాని వాళ్లను కూడా చూశాను. బట్ట లేక అంటే ఒంటి మీద బట్ట లేక కాదు. పదిమందిలో విప్పి చూపించుకోగలిగే బట్ట లేక.

ఒక అక్క సంగతి చెబుతాను. ఊరు, పేరు చెప్పను. కాలవ గట్టు కింద ఇల్లు. నాట్లకు, కలుపుకు పోయేది. రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని కొన్నాళ్లు ఊరుకుంది. తరవాత ఆసుపత్రికి వెళ్దామని రెండుసార్లు బయలుదేరింది. రెండుసార్లూ బస్సు స్టాపు దాకా వచ్చి వెనక్కు పోయింది. మూడోసారి వాళ్ల ఆడపడుచు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "ఇన్నాళ్లు ఎందుకు రాలేదమ్మా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పింది. "రవిక చంకలో చిరిగిపోయిందమ్మా. డాక్టరమ్మ చెయ్యెత్తమంటుంది కదా."

ఎనిమిది నెలలు! ఒక రవిక కుట్టుకు ఎనిమిది నెలలు. సూదీ దారం ఆ ఇంట్లో లేక కాదు. రవిక పాతబడి, కుట్టు వేసిన చోటల్లా బట్ట పీలికలవుతోంది. ఉన్నది అదొక్కటే మంచిది. ఆపరేషన్ చేశారు. మందులు ఎక్కించారు. నాలుగేళ్లు బతికింది. ఆ ఎనిమిది నెలలు ముందు వచ్చుంటే ఇంకా ఎన్నేళ్లు బతికేదో నేను లెక్క కట్టి చెప్పలేను. రొమ్ము గడ్డ విషయంలో ముందు వచ్చిన వాళ్లకు వైద్యం తేలిక, బతుకు ఎక్కువ. ఆ మాట మాత్రం గట్టిగా చెప్పగలను.

డాక్టరు గారు చిరిగిన రవికను చూస్తారా? చూడరు. గడ్డనే చూస్తారు. రోజుకు వందమందిని చూసేవాళ్లకు ఎవరి రవిక ఎక్కడ చిరిగిందో గుర్తుండదు. ఐనా ఆ అక్కను నేను తప్పు పట్టను. మన ఒంటి మీద బట్ట ఎలా ఉందో లోకం చూస్తుందని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఆ భయం ఒక్క రోజులో పోదు.

బట్ట సిగ్గు కాపాడుతుంది. అది దాని పని. కానీ ఒక్కోసారి ఆ బట్టే జబ్బును దాచిపెడుతుంది. మన డెల్టాలో బోదకాలు ఎంత పాతదో మీకు తెలుసు. మురుగు నీళ్లలో పెరిగే దోమ కుడితే వచ్చే జబ్బు అది. కాలు వాచిన ఆడమనిషి ఏం చేస్తుంది? చీర కుచ్చిళ్లు నేల మీదికి వదులుతుంది. పాదం కనపడకూడదు. ఆ కుచ్చిళ్లు బురదలో తడుస్తాయి. తడి అంచు రోజంతా కాలికి తగులుతుంది. వేళ్ల సందుల్లో పుండ్లు పడతాయి. జ్వరం వస్తుంది. కాలు ఇంకా లావెక్కుతుంది. దాచిన కొద్దీ పెరిగే జబ్బు ఇది.

ఆ కాలికి కావాల్సిన మొదటి మందు ఖరీదైంది కాదు. రోజూ సబ్బుతో మెల్లగా కడగాలి. వేళ్ల సందులు పొడి గుడ్డతో అద్దాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. చీర చీలమండ పైకి కట్టుకోవాలి. ఈ చివరి మాట చెప్పినప్పుడే అందరూ తల అడ్డంగా ఊపుతారు. "నలుగురూ చూడరా అమ్మా?" అంటారు. చూడనివ్వండి. కనీసం ఆసుపత్రికి వచ్చే రోజున పైకి కట్టండి. డాక్టరు గారు అడిగే దాకా కాలు చీర కింద దాచుకుని, "ఒళ్లు నొప్పులు" అని చెప్పి, నొప్పి బిళ్లలు తీసుకుని వెళ్లిపోయిన వాళ్లను నేను ఎంతోమందిని చూశాను.

మగవాళ్లు కూడా ఏం తక్కువ తినలేదు. అదే దోమ వల్ల మగవాళ్లకు వరిబీజం వస్తుంది. అన్నలూ, తల దించుకోకండి. ప్యాంటు మానేసి లుంగీ కట్టడం మొదలుపెడతారు. లుంగీ మీద పొడుగు చొక్కా వేస్తారు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు. అంతేగాని చిన్న ఆపరేషన్‌తో పోతుందని తెలుసుకోరు. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోకుండా చేస్తారు. ఒకాయన పన్నెండేళ్లు లుంగీలోనే దాచుకున్నాడు. ఆపరేషన్ అయిన నెలకు ప్యాంటు తొడుక్కుని వచ్చి మా వార్డు అంతా కలియతిరిగాడు. పని ఏమీ లేదు. ప్యాంటు చూపించడానికే వచ్చాడు!

ఇక డాక్టరు గదిలో ఏం జరుగుతుందో చూద్దాం.

మొదట బీపీ చూస్తారు. చేతికి పట్టీ చుట్టి గాలి కొడతారు. ఆ పట్టీ ఉత్త చేతి మీద చుట్టాలి. రవిక మీద చుట్టకూడదు. మన రవికలు మోచేతి దాకా బిగుతుగా కుట్టించుకుంటాం కదా. దాన్ని పైకి మడిస్తే ఏమవుతుంది? చేతికి తాడు కట్టినట్టు బిగుసుకుంటుంది. లెక్క తప్పు వస్తుంది. ఒక ఇంట్లో కొడుకు వాళ్లమ్మను పట్టుచీర కట్టించి పట్నం తీసుకొచ్చాడు. గట్టి జరీ రవిక. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. రాగానే రవిక మీదే పట్టీ చుట్టబోతున్నారు. నేను ఆపి, మామ్మగారిని పక్క గదిలోకి తీసుకెళ్లి, రవిక చెయ్యి విప్పించాను. వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేల మీద పెట్టించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టాను. అప్పుడు చూశాం. మీరూ అలాగే అడగండి. "అమ్మా, కాసేపు కూర్చుంటాను. చెయ్యి బయటికి తీస్తాను. అప్పుడు చూడండి" అనండి. అడగడం తప్పు కాదు.

ఇంకో తమాషా ఉంది. కొంతమందికి ఇంట్లో బీపీ మామూలుగా ఉంటుంది. ఆసుపత్రిలో తెల్లకోటు కనపడగానే పెరుగుతుంది. డాక్టర్లు దానికి తెల్లకోటు బీపీ అనే పేరు పెట్టారు. మన బట్ట ఒక్కటే కాదు, ఎదుటివాళ్ల బట్ట కూడా మన గుండె మీద పని చేస్తుందన్నమాట! అందుకే ఒక్కసారి చూసి తేల్చకుండా, మళ్లీ మళ్లీ చూస్తారు.

గుండె పట్టీ తీయాలంటే, అదే ఈసీజీ, ఛాతీ మీద అక్కడక్కడా తీగలు అంటించాలి. రవిక హుక్కులు ముందుకు ఉంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. వెనక హుక్కులు, దారాలు, ముడులు ఉన్న రవికైతే పేషెంటుకూ బాధ, తీసేవాళ్లకూ బాధ. వార్డులో ఉండాల్సి వస్తే ముందు జిప్పు ఉన్న నైటీ మంచిది. పాలిచ్చే తల్లికి మరీ మంచిది. పెద్దవాళ్లు నైటీ అంటే మొహం చిట్లిస్తారు. పైన తువ్వాలో చున్నీయో వేసుకుంటే సరిపోతుంది.

ఎక్స్‌రే గదిలో లోహం ఉండకూడదు. మన మెడలో ఏం ఉంటాయో ఎక్స్‌రే తీసేవాళ్లను అడగండి, చెబుతారు. పుస్తెల తాడు. ఆ తాడుకు నాలుగు పిన్నీసులు. భుజం మీద చీరకు ఒక పిన్నీసు. రవికకు ఊడిన హుక్కు బదులు ఇంకో పిన్నీసు. ఊపిరితిత్తుల ఫోటోలో పిన్నీసులన్నీ వరసగా కనపడతాయి! ఇంటి దగ్గరే పిన్నీసులు తీసి రండి.

పుస్తెల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. నాకు తెలుసు. "ప్రాణం పోయినా తీయను" అని ఏడ్చినవాళ్లున్నారు. ఆ ఏడుపును కసురుకోకూడదు. చాలామంది ముందే ఇంటి దగ్గర తీసి దాచి, పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుని వస్తారు. మన ఆచారంలో ఉన్న పద్ధతే. పసుపు కొమ్ము లోహం కాదు. బంగారం ఆసుపత్రిలో పోతుందన్న భయమూ ఉండదు. ఆపరేషన్ అయితే ఆ తాడు కూడా తీయమంటారేమో ముందుగా అడిగి తెలుసుకోండి. ఎమ్మారై అనే పెద్ద స్కానింగు మిషను అయస్కాంతంతో పని చేస్తుంది. అక్కడ మెట్టెలు, ముక్కుపుడక, తలపిన్నులు, ఏదీ ఉండటానికి వీల్లేదు. ఒంట్లో ఎముకకు రాడ్డు వేయించుకున్నా, గుండెకు మిషను పెట్టించుకున్నా ముందే చెప్పాలి.

అలంకారం మాటేమిటి? బొట్టు పెట్టుకోండి. పూలు పెట్టుకోండి. ఏ డాక్టరూ వద్దనరు. కానీ మొహానికి పౌడరు దట్టంగా రాస్తే రక్తం తక్కువైన పాలిపోయిన మొహం కనపడదు. పసుపు రాసుకుంటే ఒళ్లంతా పచ్చగానే ఉంటుంది. అది పసుపో కామెర్లో తెలియాలంటే కంటి తెల్లగుడ్డు చూడాల్సిందే. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న గోళ్లు చూసి రక్తం ఉందో లేదో చెప్పలేరు. అప్పుడు కింది రెప్ప లాగి చూస్తారు. 2020, 21లో కరోనా వచ్చినప్పుడు వేలికి పెట్టే చిన్న మిషను అందరూ చూశారు. ముదురు గోళ్ల రంగు, నల్ల గోరింటాకు ఉంటే అది సరిగా చెప్పకపోవచ్చు. అవి లేని వేలు చూపించండి.

చూడండి, ఒంటిని చూడటానికి సిగ్గు అడ్డమైతే ఏం చెయ్యాలన్నది డాక్టర్లకు కూడా పాత సమస్యే. డాక్టర్లు మెడలో వేసుకునే గొట్టం ఎలా పుట్టిందో తెలుసా? 1816లో ఫ్రాన్సు దేశంలో, పారిస్ నగరంలో లేనెక్ అనే డాక్టరు ఉండేవాడు. అప్పట్లో గుండె చప్పుడు వినాలంటే పేషెంటు ఛాతీకి చెవి ఆనించి వినేవాళ్లు. ఒక వయసు అమ్మాయి గుండె జబ్బుతో వచ్చింది. ఆమె ఛాతీ మీద చెవి పెట్టడం ఆయనకు మర్యాద అనిపించలేదు. కాగితాలు గుండ్రంగా చుట్టి, ఒక కొస ఛాతీకి, ఒక కొస తన చెవికి ఆనించి విన్నాడు. చప్పుడు ఇంకా బాగా వినపడింది! ఒక అమ్మాయి మర్యాద కాపాడబోతే లోకానికంతటికీ పనికొచ్చే సాధనం దొరికింది. సిగ్గు పడే మనిషిని కసురుకునేవాళ్లకు నేను ఈ కథ చెబుతుంటాను.

మన బెజవాడలో కూడా ఆడవాళ్లు ఆడ డాక్టరు కోసం ఎంతెంత దూరం నుంచో వచ్చేవాళ్లు. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారి పేరు పెద్దవాళ్లు విని ఉంటారు. ఆవిడ కాన్పుల డాక్టరు. 1957లో విజయవాడ నుంచి పార్లమెంటుకు కూడా ఎన్నికయ్యారు. ఇప్పుడు ఆడ డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఐనా అన్ని వేళలా ఆడ డాక్టరే దొరకదు. మగ డాక్టరు చూడాల్సి వస్తే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి. అది మీ హక్కు. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం రోగుల హక్కుల పట్టిక తయారు చేసింది. అందులో ఈ మాట ఉంది. మీకిప్పుడు చదవడం వచ్చింది. ఆసుపత్రి గోడ మీద ఆ పట్టిక ఉంటే నిలబడి చదవండి. బురఖా వేసుకునే అమ్మలకు కూడా ఇదే చెబుతాను. "తెర వేయండి, ఒక సిస్టరును పిలవండి" అని అడగండి.

ఎ.కొండూరు మండలం తండాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. కిడ్నీ జబ్బు అక్కడ ఎన్నో ఇళ్లను చీకటి చేసింది. కిడ్నీలు పూర్తిగా చెడితే మిషను మీద రక్తం శుద్ధి చేయాలి. దాన్ని డయాలసిస్ అంటారు. వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి. అందుకోసం చేతిలో రెండు నరాలు కలిపి కుడతారు. ఆ చోట వేలు పెడితే జుమ్మని తగులుతుంది. ఆ చేతికి బిగుతు గాజులు వేయకూడదు. బిగుతు రవిక తొడగకూడదు. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు. ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు.

తండా ఆడవాళ్లలో పెద్దవాళ్లకు మోచేతి పైదాకా గాజులుంటాయి. అద్దాలు కుట్టిన రవిక ఉంటుంది. ఆ గాజులు తీయడమంటే ఒక్క నగ తీయడం కాదు. భర్త ఉన్న ఆడదాని చేతికి గాజులు తీస్తారా అని గుండె జారిపోతుంది. నాకు తెలిసిన ఒక అమ్మ మూడు వారాలు ఆ ఒక్క సంగతి మీదే ఒప్పుకోలేదు. తరవాత తనే దారి కనిపెట్టింది. రెండు చేతుల గాజుల్లో సరిపడేవి ఒక్క చేతికే వేసుకుంది. రెండో చేతి రవికకు కుట్టు విప్పించి, మూడు చోట్ల దారాలు పెట్టించుకుంది. ముడులు విప్పితే చెయ్యి బయటికి వస్తుంది. ముడేస్తే మామూలు రవిక. అద్దాలు అలాగే ఉన్నాయి. నర్సులు ఆసుపత్రి గౌను ఇస్తామంటే, "నా బట్టలో ఉంటే నేను నేనుగా ఉంటాను" అంది. ఆమె మాటకు ఎదురు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది. సూది గుచ్చడానికి చోటు ఉంది. అంతకన్నా ఏం కావాలి?

బట్టను బట్టి మనిషికి ధైర్యం వస్తుందా అని పరిశోధన చేసినవాళ్లు కూడా ఉన్నారు. 2012లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కొంతమందికి ఒకే రకం తెల్లకోటు ఇచ్చారు. కొందరికి అది డాక్టరు కోటు అని చెప్పారు. కొందరికి రంగులు వేసే చిత్రకారుడి కోటు అని చెప్పారు. డాక్టరు కోటు అనుకున్నవాళ్లు పనిలో ఎక్కువ శ్రద్ధ చూపారని రాశారు. 2019లో వేరేవాళ్లు ఇంకా ఎక్కువమందితో ఆ పరీక్షల్లో ఒకదాన్ని మళ్లీ చేసి చూశారు. ఆ ఫలితం రాలేదు. కాబట్టి బట్టలో మంత్రం ఉందని నేను చెప్పను. నేను కళ్లారా చూసింది చెబుతాను.

పల్లెల నుంచి వచ్చే కొందరు పెద్దవాళ్లు డాక్టరు గది గుమ్మంలోకి రాగానే ఒక పని చేస్తారు. భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకుంటారు. చెప్పులు బయట వదులుతారు. నడుం వంచుతారు. ఎందుకు? వాళ్ల తాతలు, తండ్రులు ఆసామి ముందు, కరణం ముందు అలా నిలబడాల్సి వచ్చింది. ఆ రోజుల్లో కొన్ని కులాలవాళ్లు పెద్దవీధిలో తువ్వాలు భుజం మీద వేసుకుని నడవడానికి వీల్లేదు. ఆ అలవాటు ఒంట్లో ఉండిపోయింది. అలా వంగి నిలబడిన మనిషి నోట్లోంచి మాట సరిగా రాదు. ఒక తాత అలాగే నిలబడి, "దగ్గు బాబూ" అన్నాడు. చీటీ రాయించుకుని బయటికి వచ్చాడు. బయట బల్ల మీద కూర్చుని, తువ్వాలు భుజాన వేసుకుని, నాతో అన్నాడు: "అమ్మా, మూత్రంలో నెత్తురు కూడా పడుతోంది." అది గదిలో చెప్పాల్సిన మాట! చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి తీసుకెళ్లాను. తువ్వాలు తీయబోతే, "ఉండనీ తాతా" అన్నాను. కుర్చీలో కూర్చోబెట్టాను. అప్పుడు అన్నీ చెప్పాడు.

జేబులో పెన్ను పెట్టుకుని వచ్చే మనిషితో కొందరు గుమాస్తాలు మర్యాదగా మాట్లాడతారు. ఇదీ చూశాను. పెన్ను లేనివాడిని "ఏయ్, నిలబడు" అంటారు. మీలో కొందరు చదువు నేర్చుకున్నాక జేబులో పెన్ను పెట్టుకోవడం మొదలుపెట్టారని మీ పంతులమ్మ చెప్పింది. మంచిదే. ఆ పెన్నుతో ఇంటి దగ్గరే ఒక కాగితం మీద రాసుకోండి. జ్వరం ఎప్పటి నుంచి? ఏ మందులు వాడుతున్నారు? ఏం అడగాలి? గదిలోకి వెళ్లాక గుండె దడదడలాడి అన్నీ మర్చిపోతాం. ఖరీదైన చొక్కా కన్నా ఆ కాగితం ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. అది వచ్చాక కూలి ఇళ్లవాళ్లు కూడా పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల అద్దాల తలుపులు తోసుకుని లోపలికి వెళ్లగలిగారు. లోపల చల్లగాలి, నున్నటి నేల, నిగనిగలాడే కుర్చీలు. చీరకు బురద అంటి ఉందేమో అని కుర్చీలో కూర్చోకుండా గోడవారన నిలబడ్డ వాళ్లను చూశాను. అమ్మా, ఆ కుర్చీలు కూర్చోవడానికే వేశారు.

బట్టను చూసి మర్యాద ఇవ్వడం తప్పు. ఆ తప్పు చిరుగుల చీర కట్టినవాళ్లది కాదు, తెల్లబట్టలు కట్టిన మావాళ్లది. "మంచి బట్ట కట్టుకుని వెళ్లండి, మర్యాదగా చూస్తారు" అని మీకు చెప్పి నేను చేతులు దులుపుకోను. కొత్తగా చేరిన నర్సు పిల్లలకు నేను ఎప్పుడూ ఒకటే చెప్పేదాన్ని. పేషెంటును పేరు పెట్టి, గారు చేర్చి పిలవండి. పేరు పిలిస్తే చీర కనపడదు, మనిషి కనపడుతుంది.

మరి ఏం కట్టుకోవాలి? ఉతికినది, మెత్తనిది, మీకు ఇష్టమైనది. ఎండాకాలంలో మన బెజవాడ సంగతి తెలుసు కదా. రోహిణీ కార్తెలో నైలాను చీర కట్టుకుని పల్లె బస్సులో రెండు గంటలు నిలబడి వస్తే ఆసుపత్రికి చేరేసరికి కొత్త జబ్బు పుడుతుంది. నేత చీర మేలు. మంగళగిరి, పెడన మనకు పక్కనే ఉన్నాయి. కొత్తది కొనమని కాదు. పాతబడి మెత్తబడిన నేత చీర కన్నా హాయి ఏముంది? పుట్టిన బిడ్డను మనం చుట్టేది కూడా ఉతికి ఎండబెట్టిన పాత చీర ముక్కలోనే కదా. ఇష్టమైన రంగు కట్టుకుంటే మనసు కాస్త నిలబడుతుంది. సూది భయం పోదు. కానీ సూది వేసే చోటికి నడిచి వెళ్లే బలం వస్తుంది.

ఇంకొక్క మాట. ఇంట్లో ఎవరైనా తల దువ్వుకోవడం మానేశారనుకోండి. మాసిన బట్ట మార్చమన్నా మార్చడం లేదు. పండక్కి కొత్త చీర ఇచ్చినా విప్పి చూడలేదు. "ఒళ్లు బద్ధకం" అని తిట్టకండి. అది మనసు జబ్బు గుర్తు కావచ్చు. మనసు డాక్టర్లు మొదట చూసే వాటిలో మనిషి తీరూ, బట్టా ఉంటాయి. అలాంటి మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజున బలవంతంగా ముస్తాబు చేయకండి. ఎలా ఉంటే అలా తీసుకెళ్లండి. రెండు వారాలుగా ఎలా ఉందో మీరు చెప్పండి. ఆసుపత్రి దూరమైతే 14416 నంబరుకు ఫోను చేయొచ్చు. ప్రభుత్వం వాళ్లది. డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడతారు. మందు పని చేయడం మొదలుపెట్టాక, ఒక రోజు ఆ మనిషే అద్దం అడుగుతుంది. మల్లెపూలు తెమ్మంటుంది. అది చూసిన ఇంటివాళ్ల సంతోషం నేను మాటల్లో చెప్పలేను.

ఇక మీరు అడగండి.

(ఒక కోడలు పిల్ల లేచి అడిగింది: "నాకు ఐదో నెల. స్కానింగుకు చుడీదారు వేసుకుని వెళ్లొచ్చా? మా అత్తయ్య చీరే కట్టుకోమంటోంది.")

భేషుగ్గా వెళ్లొచ్చమ్మా. స్కానింగుకు పొట్ట మీద జిగురు మందు రాసి చూస్తారు. పైనా కిందా విడివిడిగా ఉండే బట్ట ఏదైనా సరే. చీరా పనికొస్తుంది, చుడీదారూ పనికొస్తుంది. ఒకటే గౌనులా ఉండే నైటీ ఐతే మొత్తం పైకి ఎత్తాల్సి వస్తుంది, దానికి సిగ్గుపడతావు. బొందు వదులుగా కట్టుకో. ఒక పాత గుడ్డ వెంట తీసుకెళ్లు, జిగురు తుడుచుకోవడానికి. మీ అత్తగారు ఇక్కడే ఉన్నారుగా? ఏం వదినగారూ, మీరేమంటారు?

("చున్నీ వేసుకుంటే నాకేం అభ్యంతరం?" అంది ఆమె. అందరూ నవ్వారు.)

చున్నీ వేసుకుంటుందిలెండి. ఆ వెనకాల అన్నయ్య చాలాసేపటి నుంచి చెయ్యెత్తుతున్నాడు. ఏమిటి అన్నయ్యా, అడుగు.